అమ్మవారు తగ్గింది – మరి మచ్చల మాటేమిటి?

పోయిన చలికాలం చివర్లో మన హాస్టల్లో అమ్మవారు పోసిన సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మొదట కిటికీ పక్క మంచం మీద ఒక్క చెల్లికి వచ్చింది. రెండు వారాలు తిరిగేసరికి సగం డార్మిటరీ దుప్పట్లు కప్పుకుని పడుకుంది. తర్వాత జ్వరాలు తగ్గాయి, పొక్కులు ఎండిపోయాయి, పరీక్షలు కూడా రాసేశాం. కానీ చాలామంది ముఖాల మీద నల్లమచ్చలు మాత్రం ఉండిపోయాయి. నాకు కుడి చెంప మీద ఆరు, నుదుటి మీద రెండు, ముక్కు పక్కన ఒక గుంట. ఇంత కచ్చితంగా లెక్క ఎలా తెలుసంటారా? నీళ్ళ తొట్టి దగ్గరున్న పగిలిన అద్దంలో రోజూ లెక్కపెట్టుకునేదాన్ని కాబట్టి!

నా సంగతి నయం. నా స్నేహితురాలు ఒకామె వేసవి సెలవుల తర్వాత బడి తెరిచినా రాలేదు. వారం చూశాం, రెండు వారాలు చూశాం. చివరికి వాళ్ళ ఊరి పిల్లతో కబురు వచ్చింది. "ఈ ముఖం పెట్టుకుని నేను రాను" అని. మచ్చలు పోతాయని సంతలో కొన్న ఒక క్రీము ఆమె ముఖాన్ని పాడుచేసింది. యాభై రూపాయల ట్యూబు ఒక పిల్ల చదువును ఆపబోయింది. ఇప్పుడు ఆమె తిరిగి వచ్చింది, మనతోనే చదువుతోంది. పేరు రాయొద్దన్న షరతు మీద, ఈ సంగతి రాయడానికి ఒప్పుకుంది. మిగతావాళ్ళకి అలా జరగకూడదనే ఈ వ్యాసం. పీహెచ్‌సీ డాక్టరు గారినీ, నర్సమ్మనీ, మన సైన్సు మేడమ్‌నీ అడిగి తెలుసుకున్నవి రాస్తున్నాను.

ఈ జబ్బు ఏమిటి?

మనం అమ్మవారు, ఆటలమ్మ, చిన్నమ్మవారు అని పిలిచేదాన్ని డాక్టర్లు చికెన్ పాక్స్ అంటారు. 'వేరిసెల్లా జోస్టర్' అనే వైరస్ వల్ల వస్తుంది. గాలి ద్వారా, పొక్కుల్లోని నీరు తగలడం ద్వారా ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. వైరస్ ఒంట్లోకి దూరిన వెంటనే బయటపడదు. 10 నుంచి 21 రోజులు పడుతుంది. అందుకే మన డార్మిటరీలో ఒకరికి తగ్గే వేళకి ఇంకొకరికి మొదలైంది.

దీన్ని పెద్దమ్మవారితో కలపకూడదు. పెద్దమ్మవారు అంటే మశూచి. అది వేరే వైరస్, ప్రాణాలు తీసే జబ్బు. మన ఊళ్ళలో కొందరు ముసలి తాతల ముఖం నిండా గుంటలు ఉంటాయి చూడండి, అవి ఆ మశూచి గుర్తులే. టీకాల పుణ్యమా అని 1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు. 1980లో ప్రపంచం మొత్తంలోనే లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కాబట్టి "అమ్మవారు పోసింది, ఇక తాతలాగే ముఖమంతా గుంటలు పడతాయి" అని ఎవరైనా భయపెడితే నమ్మకండి.

మచ్చ ఎందుకు పడుతుంది?

మన ఇంటి గోడని ఊహించుకోండి. పైన సున్నం పూత, లోపల మట్టి మెత్తడం. పొయ్యి పొగ తగిలి సున్నం నల్లబడితే గోడకి ఏమీ కాదు, మళ్ళీ పూత వేస్తే పోతుంది. కానీ మట్టి పెళ్ళ ఊడిపోయిందనుకోండి, పైన ఎన్ని సున్నాలు వేసినా గుంట గుంటలాగే కనిపిస్తుంది.

చర్మం కూడా అంతే. పైపొర ఒకటి, దాని కింద మందమైన లోపొర ఒకటి. పైపొర దాదాపు నెలకొకసారి తనంతట తానే కొత్తగా తయారవుతూ ఉంటుంది. ఆ పొర అడుగున మెలనిన్ అనే రంగు తయారుచేసే కణాలున్నాయి. మన చర్మానికి నలుపు, చామనఛాయ ఇచ్చేది ఆ మెలనినే. ఎండ నుంచి మనల్ని కాపాడేదీ అదే. చర్మం మీద పొక్కు వచ్చి ఎర్రగా వాచినప్పుడు ఆ కణాలు కంగారుపడి రంగుని ఎక్కువగా తయారుచేస్తాయి. పొక్కు పోయినా రంగు మిగిలిపోతుంది. అదే నల్లమచ్చ. మనలాంటి నల్లని ఒళ్ళున్నవాళ్ళలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఇది రోగం కాదు, ఎవరికీ అంటుకోదు.

గుంట సంగతి వేరు. పొక్కుని గోకినా, పక్కుని బలవంతంగా పీకినా, దాంట్లో చీము పట్టినా దెబ్బ లోపొర దాకా వెళుతుంది. చర్మాన్ని బిగువుగా నిలబెట్టే 'కొల్లాజెన్' అనే పీచు అక్కడ తగ్గిపోతుంది. అప్పుడు మట్టి పెళ్ళ ఊడినట్టు గుంట పడుతుంది. కొద్దిమందికి దీనికి తిరగబడి, మచ్చ గట్టిగా ఉబ్బి పైకి లేస్తుంది. దాన్ని కీలాయిడ్ అంటారు.

మీది ఏ రకమో చూసుకోండి

కళ్ళు మూసుకుని, శుభ్రమైన వేలితో మచ్చ మీద మెల్లగా రాయండి.

1. వేలికి ఏమీ తగలకుండా నున్నగా ఉంటే అది ఉత్త రంగు మచ్చ. కాలం గడిచేకొద్దీ చాలావరకు పోతుంది.
2. వేలు కిందికి దిగినట్టుంటే అది గుంట. క్రీములతో పూడదు.
3. వేలికి ఎత్తుగా, గట్టిగా తగిలితే ఉబ్బు మచ్చ. డాక్టరుకి చూపించాలి.

నేనిలా చూసుకుంటే నా తొమ్మిదింటిలో ఎనిమిది ఉత్త రంగు మచ్చలే అని తేలింది. ఆ రోజు రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

జబ్బు ఉన్నప్పుడే జాగ్రత్తపడితే సగం మచ్చలు పడవు

మచ్చ పడ్డాక పోగొట్టడం కంటే పడకుండా చూసుకోవడం తేలిక. ఈసారి ఎవరికైనా వస్తే ఇవి గుర్తుపెట్టుకోండి.

మొదటిది, గోళ్ళు పొట్టిగా కత్తిరించుకోవాలి. రాత్రి నిద్రలో మనకి తెలియకుండానే గోకేస్తాం. చిన్న తరగతి పిల్లలకైతే చేతులకి మేజోళ్ళు తొడిగినా మంచిదే.

రెండవది, స్నానం. మా అవ్వ అయితే అమ్మవారు దిగేదాకా ఒంటి మీద నీళ్ళు పోయనివ్వదు. కానీ రోజూ గోరువెచ్చని నీళ్ళు పోసుకుంటే దురద తగ్గుతుంది, చీము పట్టదు అని డాక్టరు గారు చెప్పారు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవాలి. వేపరెమ్మతో మెల్లగా నిమరడం మన పెద్దల పద్ధతి. గోకడం కంటే అది ఎంతో నయం, చేసుకోవచ్చు. పచ్చిగా ఉన్న పొక్కుల మీద మాత్రం పసరు, పేడ, బూడిద పెట్టకూడదు.

మూడవది, దురదకి కాలమిన్ లోషన్ రాయవచ్చు. మరీ ఎక్కువగా ఉంటే నర్సమ్మ మాత్ర ఇస్తారు. జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకి ఈ జబ్బులో అస్సలు ఇవ్వకూడదు, మెదడుకీ కాలేయానికీ ప్రమాదం తేవచ్చు. ఒళ్ళునొప్పులకని దుకాణంలో ఏదో ఒక మాత్ర కొని మింగేవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి.

నాలుగవది, పొక్కులు కనిపించిన మొదటి రోజే డాక్టరుకి చూపించాలి. 'ఎసైక్లోవిర్' అనే మందు ఉంది. మొదటి 24 గంటల్లో మొదలుపెడితేనే అది బాగా పనిచేస్తుంది. చిన్నపిల్లలకంటే మన వయసు వాళ్ళకి జబ్బు గట్టిగా వస్తుంది. మందు అవసరమా కాదా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. మనం నాలుగు రోజులు దాచిపెడితే ఆయన మాత్రం ఏం చెయ్యగలరు?

ఐదవది, పక్కు దానంతట అదే రాలాలి. పీకొద్దు. నా ముక్కు పక్క గుంట ఎలా వచ్చిందో చెప్పనా? గ్రూప్ ఫోటో రోజున పక్కు అసహ్యంగా ఉందని గోటితో లేపేశాను. ఫోటో గోడకి వేలాడుతోంది, గుంట నా ముఖం మీద ఉంది.

పొక్కు చుట్టూ ఎర్రగా వాచి వేడిగా ఉన్నా, చీము కారుతున్నా, ఊపిరి ఆడకపోయినా, మనిషి మత్తుగా పడి ఉన్నా, తలనొప్పితో మెడ బిగుసుకున్నా ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

నల్లమచ్చలకు ఏం చెయ్యాలి?

మొదటి మందు ఓపిక. ఉత్త రంగు మచ్చలు నెలల మీద మెల్లమెల్లగా తగ్గుతాయి. కొందరికి ఆరు నెలలు, కొందరికి ఏడాది, లోతుగా రంగు దిగితే ఇంకా ఎక్కువ. ఫిబ్రవరిలో నా చెంప మీద కాటుక చుక్కల్లా ఉన్నవి ఇప్పుడు పరిశీలనగా చూస్తే తప్ప తెలియడం లేదు. నేనేమీ రాయలేదు.

రెండవ మందు నీడ. ఎండ తగిలితే మచ్చలోని రంగు ఇంకా ముదురుతుంది. మచ్చలున్నన్నాళ్ళూ మిట్టమధ్యాహ్నం ఎండలో తిరగకుండా చూసుకోవాలి. చున్నీయో తువ్వాలో తల మీదుగా ముఖానికి నీడ పడేలా వేసుకోవాలి. గొడుగైనా పరవాలేదు. డబ్బులున్నవాళ్ళు ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్ వాడవచ్చు. లేనివాళ్ళు దిగులుపడక్కర్లేదు, చెట్టు నీడకి డబ్బులడగరు.

మూడవది, చర్మాన్ని మళ్ళీ రేపకూడదు. రేగితే మళ్ళీ రంగు ఊరుతుంది. బట్టల సబ్బుతో ముఖం కడగడం, పీచుతో తోమడం, నిమ్మరసం, టూత్‌పేస్టు, సున్నం రాయడం, ఇవన్నీ రేపేవే. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే కాలినట్టు బొబ్బలెక్కి కొత్త మచ్చలు పడతాయి. మామూలు ఒంటి సబ్బు చాలు. చర్మం పొడిబారితే కాస్త కొబ్బరినూనె రాయవచ్చు. అది చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది, మచ్చని చెరిపేయదు.

ఏడాదైనా తగ్గకపోతే చర్మవ్యాధుల డాక్టరుకి చూపించవచ్చు. అజెలాయిక్ ఆమ్లం, ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ వంటి మందులు ఉన్నాయి. ఇవన్నీ కొలత ప్రకారం, కొన్ని నెలలే వాడాలి. హైడ్రోక్వినోన్ ఏళ్ళ తరబడి రాస్తే తెల్లబడడం అటుంచి, నీలి నలుపు మచ్చలు శాశ్వతంగా పడే ప్రమాదం ఉంది. అందుకని డాక్టరు చూడకుండా ఎవరూ కొనుక్కోవద్దు.

సంత క్రీముల సంగతి

ఇప్పుడు నా స్నేహితురాలి కథ. సంతలో ఒకాయన "పది రోజుల్లో మచ్చలు మాయం, ముఖం తెల్లన" అని అమ్ముతున్నాడు. ఆమె కొనుక్కుంది. నిజంగానే పది రోజుల్లో ముఖం తెల్లబడింది! మేమంతా ట్యూబు చూపించమని వెంటపడ్డాం. నెల దాటాక బుగ్గలు ఎర్రబడ్డాయి, పొయ్యి దగ్గర నిలబడితే మంట, మొటిమలు, పైపెదవి మీద నూనూగు వెంట్రుకలు. భయపడి మానేసింది. మానేసిన మూడో రోజుకి ముఖం ఉబ్బి ఎర్రగా కందిపోయింది. "మానేసినందుకే ఇలా అయింది" అనుకుని మళ్ళీ రాసింది. తగ్గింది. మళ్ళీ మానితే మళ్ళీ మంట. వలలో పడ్డ పిట్టలాగ అయిపోయింది ఆమె పని.

ఆ ట్యూబులో ఏముందో డాక్టరు గారు చదివి చెప్పారు. స్టెరాయిడ్. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే పేర్లు ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉంటే అది స్టెరాయిడ్ అని గుర్తు. స్టెరాయిడ్ చెడ్డ మందని కాదు. కొన్ని చర్మ జబ్బులకి డాక్టరు ఇన్ని రోజులని లెక్కగట్టి ఇస్తే మంచి మందే. కానీ ముఖానికి క్రీములాగ రోజూ రాస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడిపోతుంది. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన పెట్టింది. అయినా అమ్ముతూనే ఉన్నారు.

కొన్ని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కూడా కలుపుతారు. అది చర్మం గుండా ఒంట్లోకి దిగి మూత్రపిండాల్ని పాడుచేస్తుంది. కాబట్టి చిరునామా లేని, లోపల ఏముందో రాయని డబ్బా ఏదైనా సరే, ముట్టుకోవద్దు.

ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే సిగ్గుపడకండి, దాచకండి. ట్యూబు కూడా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఎలా మానాలో ఆయన చెబుతారు. నా స్నేహితురాలి ముఖం చల్లబడడానికి కొన్ని నెలలు పట్టింది. ఇప్పుడు చాలావరకు బాగుపడింది.

గుంటలకు దారి లేదా?

ఉంది. కానీ ఏ క్రీమూ గుంటని పూడ్చలేదు, ఇది కచ్చితం. చర్మవ్యాధుల డాక్టర్లు సన్నని సూదులతో పొడిచి కొత్త పీచు పుట్టించే పద్ధతి, గుంటలో మాత్రమే ఆమ్లం చుక్క పెట్టే పద్ధతి, లేజరు, చిన్న శస్త్రచికిత్స వంటివి చేస్తారు. ఏది చేసినా గుంట లోతు తగ్గుతుంది తప్ప పూర్తిగా మాయం కాదు. జబ్బు తగ్గిన వెంటనే తొందరపడక్కర్లేదు, మొదటి ఏడాదిలో కొన్ని గుంటలు వాటంతటవే కొంత నిండుతాయి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలు ఉంటాయి. మనకి విశాఖపట్నం కేజీహెచ్‌లో ఉంది. పీహెచ్‌సీ డాక్టరు గారి చేత చీటీ రాయించుకుని వెళ్ళవచ్చు.

నేను మాత్రం నా గుంటని అలాగే ఉంచుకుందామనుకుంటున్నాను. అది నాకు ఒక పాఠం నేర్పింది.

ఒక ముఖ్యమైన హెచ్చరిక

మచ్చ నల్లగా కాకుండా చుట్టూ చర్మం కంటే పాలిపోయి ఉండి, దాని మీద గిల్లినా, దూదితో తాకినా తెలియకపోతే అది అమ్మవారి మచ్చ కాకపోవచ్చు. కుష్ఠు మొదటి లక్షణం కావచ్చు. భయపడొద్దు, దాచొద్దు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. 6 నెలలో, 12 నెలలో వాడితే పూర్తిగా నయమైపోతుంది. ఆలస్యం చేస్తేనే వేళ్ళకీ కాళ్ళకీ నష్టం.

వార్డెన్ గార్లకు విన్నపం

గౌరవనీయులైన వార్డెన్ సార్‌కీ, మేడమ్‌కీ నమస్కరించి రాయునది. పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, అన్నీ పక్కు కట్టేదాకా ఈ జబ్బు అంటుకుంటుంది. అంతవరకు జబ్బు పిల్లల్ని వేరే గదిలో ఉంచితే బాగుంటుంది. బస్సులో ఇంటికి పంపితే బస్సులో వాళ్ళకీ, ఊళ్ళో పసిబిడ్డలకీ, గర్భిణీలకీ అంటుకోవచ్చు. గర్భిణీలకి ఇది చాలా ప్రమాదం. వంటమనుషుల్లో గర్భిణీ ఎవరైనా ఉంటే ఆ గది వైపు పంపవద్దు. మచ్చలు తగ్గేదాకా ప్రార్థన చెట్టు నీడలో పెట్టించండి. అలాగే నెలకొకసారి గోళ్ళు కత్తిరించే కత్తెర ఒకటి గదికి ఇప్పించండి.

దీనికి టీకా కూడా ఉంది. జపాన్‌లో మిచియాకి తకహాషి అనే డాక్టరు 1974లో కనిపెట్టారు. అంతకు పదేళ్ళ ముందు తన చిన్న కొడుక్కి ఈ జబ్బు గట్టిగా వచ్చి బాధపడుతుంటే చూసి, ఆయన ఈ పనికి పూనుకున్నారట. రెండు మోతాదులు వేయించుకోవాలి. ప్రభుత్వం పిల్లలందరికీ ఉచితంగా వేసే టీకాల పట్టికలో ఇది లేదు. హాస్టళ్ళ పిల్లలకైనా వేయించే వీలుందేమో పెద్దలు అడిగి చూడాలని మా కోరిక.

చివరిగా ఒక మాట

నా స్నేహితురాలిని తిరిగి తీసుకురావడానికి మేడమ్‌తో కలిసి నేనూ వాళ్ళ ఊరు వెళ్ళాను. ముఖానికి చున్నీ కట్టుకుని వాళ్ళ ఇంటి వెనక కూర్చుంది. "క్రీము ఎందుకు కొన్నావే?" అని అడిగాను. ఏం చెప్పిందో తెలుసా? మనలో కొందరు ఆమెని "చుక్కల కోడి" అని పిలిచారట. ఆ పిలిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. నాకు గుర్తుకూడా లేదు, ఆమెకి గుర్తుంది. అక్కడే క్షమాపణ అడిగాను, ఇక్కడ అందరి ముందూ మళ్ళీ అడుగుతున్నాను.

మిత్రులారా! మచ్చలు ఏడాదికి పోతాయి. మనం పెట్టిన పేర్లు అంత తొందరగా పోవు. డాక్టరు గారు చెప్పిన మందులన్నీ ఒక ఎత్తు, మనం నోరు అదుపులో పెట్టుకోవడం ఒక ఎత్తు. ఈ మందుకి చీటీ అక్కర్లేదు, డబ్బులక్కర్లేదు. ఈ రోజు నుంచే వాడదాం.

మీకు ఇంకా సందేహాలుంటే చీటీ మీద రాసి గోడ పత్రిక కింద ఉన్న అట్టపెట్టెలో వెయ్యండి. పేరు రాయక్కర్లేదు. నర్సమ్మ వచ్చినప్పుడు అడిగి వచ్చే సంచికలో జవాబు రాస్తాను.

ఇట్లు
మీ తోటి విద్యార్థిని, 9వ తరగతి